అడగనక్కర్లేని వంతు

చిఫులాయ్ ఊరికి నకావ్ గొంతుతో తెల్లవారేది. చర్చి పక్కనున్న ఇనప స్తంభానికి కట్టిన గొట్టం మైకుల్లోంచి ముందొక చిన్న దగ్గు వినిపించేది. తర్వాత "అమ్మలూ, అయ్యలూ, లేచారా?" అని పలకరింపు. ఆపైన టౌను ఆఫీసు నుంచి వచ్చిన కబురు. వలలు భుజాన వేసుకుని సముద్రానికి దిగే మగవాళ్లు దారిలో ఆగేవాళ్లు. పొయ్యి ముందున్న ఆడవాళ్లు చెవి అటు పడేసేవాళ్లు.

ఆ కబుర్లన్నీ చీనా భాషలో వచ్చేవి, అవీ చాంతాడంత పొడుగున. "ప్రజారోగ్యాన్ని దృష్టిలో ఉంచుకుని, సంబంధిత శాఖవారి ఆదేశానుసారం" అని మొదలై ఎక్కడెక్కడో తిరిగేవి. నకావ్ ఆ కాగితాన్ని ఒకసారి కళ్లతో జల్లించి, తమ అమిస్ తెగ భాషలో ఒక్క ముక్కలో తేల్చేసేది. "రేపు పొద్దున పందుల్ని కట్టేసుకోండి. సూదులెయ్యడానికి డాక్టరొస్తున్నాడు." అంతే, దగ్గు, మైకు కట్టు.

"అంత పొడుగు దాంట్లోంచి ఎలా పట్టుకుంటావే?" అని ఎవరన్నా అడిగితే నవ్వేది.

"ఏముంది పెద్దమ్మా! సర్కారు కాగితం రాసిందంటే మనచేత ఏదో ఒకటి చేయించుకోవాలని. ఆ ఒక్కటీ వెతికితే చాలు. మిగతాదంతా పొట్టు."

ఆమెకు చీనా భాష బడిలో అబ్బలేదు. బడిలో సొంత భాష మాట్లాడినందుకు మెడలో చెక్క తగిలించుకుని నిలబడ్డం మాత్రమే అబ్బింది. ఈడు రాకముందే ఉత్తరాదిన బట్టల మిల్లుకు పోయి, అక్కడి మేస్త్రీల తిట్లలోంచి, తోటి అమ్మాయిల సినిమా కబుర్లలోంచి ఆ భాషను ఏరుకుంది. పెళ్లీడుకు ఊరు చేరింది. వాళ్లలో మగవాడే పెళ్లామింటికి వస్తాడు. అలా వచ్చిన కచావ్ దూరసముద్రాల చేపల ఓడలో పనివాడు. ఇంట్లో కన్నా ఓడలోనే ఎక్కువ ఉండేవాడు. ఆమె తల్లి తిపుస్‌ను చూసుకుంటూ, రోడ్డు పక్కన ఆవిరి రొట్టెలు, సోయా పాలు అమ్ముకుంటూ, పొద్దున్నే మైకులో మాట్లాడుతూ కాలం గడిపేది.

గుర్తింపు కార్డు మీద ఆమె నకావ్ కాదు, లిన్ సియూ-యూయె. తల్లి కూడా లిన్. తల్లికి తోడబుట్టిన ఓఫద్ మామయ్య మాత్రం గావ్. యుద్ధం అయిపోయి జపానువాళ్లు వెళ్లిపోయిన కొత్తలో ఎవరో గుమాస్తా వచ్చి ఊళ్లో ఇంటిపేర్లు పంచిపెట్టినప్పుడు, అన్న ఒక వరసలోనూ చెల్లెలు ఒక వరసలోనూ నిలబడ్డారు. ఒకే తల్లి పాలు తాగినవాళ్లు కాగితం మీద పరాయివాళ్లయిపోయారు. దాని గురించి ఊళ్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కారు. వాన పడుతుంది, గుమాస్తా పేరు పెడతాడు అన్నట్టుండేది.

సైనిక శాసనం ఎత్తేశాక, చలికాలంలో ఎన్నికలు వచ్చాయి. శాసనసభకు ఆదివాసుల తరఫున నిలబడ్డవాళ్లలో లెకల్ ఒకడు. వాళ్లమ్మది ఈ ఊరే. పెళ్లయ్యాక మొగుడితో కలిసి కీలుంగ్ రేవుకు మూటలు మొయ్యడానికి పోయి, అక్కడే కన్నుమూసింది. కొడుకు లా చదివాడు. ముప్పయి దాటినా కుర్రాడిలా ఉంటాడు. అమిస్ రక్తమే గాని అమిస్ మాట రాదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరి మండపంలో మీటింగు పెట్టారు. ఆ వేళ లెకల్ పక్కన నిలబడి, అతను చీనాలో అన్నది అన్నట్టు అమిస్‌లో చెప్పే పని నకావ్ మీద పడింది. ఆమె కాక ఇంకెవరున్నారు?

"ఒసే నకావ్," అంది ముందు వరసలో కూర్చున్న ఆఫో ముసలమ్మ, ఊళ్లో ఎవరికీ జంకని మనిషి. "అన్నం తిన్నావా నాయనా అంటే నవ్వుతున్నాడు. ఆకలేసినా నవ్వుతాడా ఏంటి?"

ఎవరో ఉప్పులో ఊరేసిన పచ్చి పందిమాంసం ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టారు. లెకల్ నోట్లో వేసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మింగాడు.

"మింగాడర్రా! మనవాడే," అన్నారు వెనకనుంచి. మండపం గొల్లుమంది. బయట మోటారు సైకిలుకు ఆనుకుని నిలబడ్డ పోలీసు కూడా నవ్వాడు.

అప్పుడు లెకల్ మొదలుపెట్టాడు. గుమాస్తా పంచిన పేర్ల గురించి చెప్పాడు. ఒక తల్లి పిల్లలకు మూడు ఇంటిపేర్లెలా వచ్చాయో చెప్పాడు. పూర్వం అందరూ వేటాడిన కొండకు ఇప్పుడు కంచె ఎలా పడిందో, చేపలు పట్టుకునే ఒడ్డు మీద ఎవరి బోర్డు వెలిసిందో చెప్పాడు. బొగ్గు గనుల్లో కూలిన కప్పుల కింద ఎవరి కొడుకులున్నారో, దూరసముద్రాల్లో ఓడ మునిగితే ఎవరి మొగుళ్లకు లెక్క ఉండదో చెప్పాడు. సముద్రం మాట వచ్చినప్పుడు గొంతు బాగా లేచింది. మధ్యమధ్య మళ్లీ మళ్లీ ఒక మాట అన్నాడు, "మానవ హక్కులు" అని.

అక్కడ నకావ్‌కు నాలుక తడబడింది. మనిషి అన్న మాట తమ భాషలో ఉంది. హక్కు అన్నది లేదు. ఆగి ఆలోచించే వ్యవధి లేదు, అవతల అతను తరవాతి వాక్యంలోకి పోతున్నాడు. మైకులో ఇన్నేళ్లు నడిచిన అలవాటే అక్కరకొచ్చింది. "అంటే, మనుషులు సర్కారును అడిగి తీసుకునేవి," అని చెప్పేసింది. ఉపన్యాసం నడుమ ఒకచోట లెకల్ గొంతు తగ్గించి, "మేం దయ కోసం రాలేదు. ఇది మాకెవరూ ఇచ్చింది కాదు, రాజ్యం పుట్టకముందే మాతో పుట్టింది," అన్నాడు. మర్యాద కోసం అన్నాడనుకుంది నకావ్. దాన్ని కుదించి, "మొహమాటపడకుండా అడగండి అంటున్నాడు," అంది.

ఉపన్యాసం ముగిసింది. చప్పట్లు కొట్టారు. వెంటనే ఊరంతా లేచి లెకల్ ముందు వరసకట్టింది.

ఆఫో ముసలమ్మ అందరికన్నా ముందుంది. "నాయనా, మా వీధికి నీళ్ల గొట్టం రాలేదు. నువ్వు దయతలిస్తే వస్తుంది." వెనకాయన ఒడ్డున అలల్ని ఆపే గోడ కావాలన్నాడు. ఇంకొకామె జైల్లో ఉన్న మనవడి ఫోటో తీసింది. ఒకాయన ఒంగి ఒంగి దణ్ణాలు పెడుతున్నాడు. లెకల్‌కు మాట అర్థం కాకపోయినా ఒంగిన నడుములు అర్థమయ్యాయి. మొహం పాలిపోయింది.

"ఏమంటున్నారక్కా వీళ్లు?"

"అడుగుతున్నారు బాబూ. నువ్వు అడగమన్నావుగా."

"నేనా?" అతను ఆమె వంక చూశాడు. "నేను చెప్పింది దానికి సరిగ్గా తలకిందులు కదక్కా."

ఎంత పొడుగు కాగితంలోనైనా ఉన్న ఒక్క ముక్కను పట్టుకోగలదని ఊరంతా నమ్మిన మనిషి నకావ్. ఇంత గొంతు పెట్టి చెప్పినదాంట్లో ఆ ఒక్క ముక్కనే జారవిడిచింది.

లెకల్ కోప్పడలేదు. వరసలో ఉన్న ప్రతి ముసలిమనిషి చేతినీ రెండు చేతులా పట్టుకుని, చెప్పిందల్లా విన్నాడు. వెళ్లేముందు ఆమె దగ్గరకొచ్చాడు. "తప్పు మీది కాదక్కా. అమ్మ భాష నాకొచ్చుంటే మిమ్మల్నెందుకు ఇబ్బంది పెడతాను! ఎన్నికల ముందు ఆదివారం మళ్లీ వస్తాను. ఇదుగో, ఇదే ఉపన్యాసం టేపు చేసింది. వినండి. మీకు తోచినట్టే చెబుదురుగాని," అని ఒక క్యాసెట్టు చేతిలో పెట్టాడు.

మర్నాటినుంచి రొట్టెల కొట్లో సినిమా పాటలు ఆగిపోయాయి. ఆవిరి బుట్టల పక్కన టేపురికార్డరు పెట్టి, పిండి పిసుకుతూ నకావ్ ఆ ఉపన్యాసమే వినేది. రొట్టెలకొచ్చినవాళ్లూ వినేవాళ్లు. చీనా తెలిసినవాళ్లు తెలిసినంత, తెలియనివాళ్లు గొంతు మేరకు.

"ఇందులో అసలు మాటేంటంటారు మాస్టారూ?" అని ఊరి బడిలో పాఠం చెప్పే నమోహ్ మాస్టార్ని అడిగింది.

"పేర్లు. ఎన్నిసార్లన్నాడో చూడు. ఎక్కువసార్లు అన్నదే అసలు మాట."

"నీ మొహంలే," అన్నాడు పక్కనే సోయా పాలు తాగుతున్న ఓడ సరంగు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. "సముద్రం దగ్గరకొచ్చేసరికి గొంతెలా లేచిందో విన్లేదా? కడుపు మండిన చోటే అసలు మాట."

"గొంతు లేస్తే అదే అసలు మాటైతే, నీ పెళ్లాం చెప్పేవన్నీ అసలు మాటలే."

"ఆ సంగతి నాకు చెప్పకు, ఆవిడకి చెప్పు, చూద్దాం."

నవ్వులు సద్దుమణిగాక మాస్టారు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. పిల్లలకు వ్యాసం నేర్పేటప్పుడు తాను చేయించే పని ఒకటుందన్నాడు. ఒక్కో వాక్యాన్నీ వేలితో మూసిపెట్టి మిగతాది చదవమంటాడట. ఏది మూస్తే మిగతావన్నీ ఎందుకున్నాయో తెలియకుండా పోతాయో, దాని మీద గీత గియ్యమంటాడట.

నకావ్ ఆ పనే చేసింది. పేర్ల ముక్క లేదనుకుని విన్నది. ఉపన్యాసం నిలబడింది. కొండ లేదనుకుంది. నిలబడింది. సముద్రం తీసేసింది, గనులు తీసేసింది. ఒకటి పోయినా మిగిలినవి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడుతున్నాయి. అప్పుడు, గొంతు తగ్గించి చెప్పిన ఆ చిన్న మాట తీసేసి విన్నది. మేం దయ కోసం రాలేదు, ఇది మాకెవరూ ఇచ్చింది కాదు. అది తీసేసరికి అంతా కుప్పకూలింది. మిగిలినవన్నీ పేదవాళ్ల గోడు అయిపోయాయి. జాలిపడి ఎవరో ఒకరు ఏదో ఒకటి విదిలిస్తే సరిపోయే గోడు.

పిండి చేతులతోనే టేపు ఆపేసింది.

ఇన్నేళ్లలో ఆమె నోటిగుండా ఎన్ని మాటలు పోయాయో! టౌను ఆఫీసు, పోలీసు, ఓట్లకొచ్చినవాళ్లు, మందులమ్మేవాళ్లు, ప్రతివాళ్లూ ఏదో ఒకటి కావాలన్నవాళ్లే. అడగడమో, అడిగించుకోవడమో. ఈ మాట ఏదీ అడగడం లేదు. ఉన్నదాన్ని ఉందంటోంది. అంతే. అంత చిన్న మాట మీద కొండ, సముద్రం, చచ్చినవాళ్లు, పుట్టబోయేవాళ్లు అందరూ నిలబడి ఉన్నారు. ఎదురుగా రోడ్డవతల అలలు వస్తున్నాయి, పోతున్నాయి. ఎప్పుడూ చూసేవే. ఆ పొద్దున మాత్రం వాటిని మొదటిసారి చూస్తున్నదానిలా నిలబడిపోయింది. రొట్టెలు అడుగంటిన వాసనకు గాని తెలివి రాలేదు.

అర్థమైతే అయింది. దాన్ని ఆఫో ముసలమ్మకు ఏ మాటతో చెప్పాలి?

ఓఫద్ మామయ్య ఇంటి ముందు పీట వేసుకుని వల బాగుచేసుకుంటున్నాడు. ఊళ్లో పాత మాటలు ఆయన దగ్గర దొరక్కపోతే ఇంకెక్కడా దొరకవు.

"మామయ్యా, ఒకటడుగుతా. ఎవరినీ అడక్కుండా, ఎవరూ ఇవ్వకుండా, పుట్టుకతో మనదై ఉండేదాన్ని మన మాటలో ఏమంటారు?"

ఆయన వల మీంచి తలెత్తకుండా, "బట్టతల," అన్నాడు.

"మామయ్యా!"

"ఏం? నేనడిగానా? ఎవరన్నా ఇచ్చారా? పైగా ఎవడూ ఎత్తుకుపోలేడు." పళ్లూడిన నోటితో కాసేపు నవ్వుకుని, తర్వాత తల గోక్కున్నాడు. "నాకు తట్టట్లేదే పిల్లా. పొద్దున వయసు దళం వాళ్లు వల వేస్తున్నారు. ఒడ్డుకు రా. ముసలాళ్లందరం ఉంటాం, అడుగుదాం."

ఒకే ఈడు మగపిల్లలందరూ ఒక దళం వాళ్ల ఊళ్లో. ఒక్కో దళానికీ పేరుంటుంది, పని ఉంటుంది, చచ్చేదాకా ఆ దళంలోనే ఉంటారు. మర్నాడు నకావ్ వెళ్లేసరికి వెదురు తెప్పలు ఒడ్డెక్కాయి. నల్లటి గులకరాళ్ల మీద చేపలు వెండిలా పడి ఉన్నాయి. కుర్రాళ్లు పోకచెట్టు పట్టలు వరసగా పరిచి, వాటి మీద చేపలు పెడుతున్నారు. ఓఫద్ కర్రతో చూపిస్తూ ఇళ్ల పేర్లు చెబుతున్నాడు. సముద్రంలోకి దిగినవాళ్ల ఇళ్లు అయ్యాయి. దిగలేని ముసలివాళ్ల ఇళ్లు అయ్యాయి. మగదిక్కు లేని ఇళ్లు అయ్యాయి.

"తఫోంగ్ ఇల్లు," అన్నాడు ఓఫద్.

చేపలు పెట్టే కుర్రాడి చెయ్యి ఆగింది. తఫోంగ్ తాగుబోతు. వేసవి పండగలో పెద్దల్ని నానా మాటలూ అన్నాడు. అప్పట్నుంచి ఊళ్లో ఎవరూ అతనితో మాట్లాడటం లేదు.

"వాడిక్కూడానా తాతా? నిన్నే తిట్టాడు కదా!"

"వాడి నోరు వాడిది, వాడి వంతు వాడిది. పెట్టు."

కుర్రాడు పెట్టాడు. అందరికీ పెట్టినన్నే.

ఆ పట్టల వరస నకావ్ పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కనిపించినట్టనిపించింది.

"మామయ్యా," అంది. "అదే. నేనడిగిన మాట అదే."

"ఏది?"

"వంతు."

ఓఫద్ కర్ర గులకరాళ్లలో గుచ్చి ఆమె పక్కన రాతి మీద కూర్చున్నాడు. "నీకు గుర్తుండదులే," అన్నాడు. "మీ నాన్న పోయిన ఏడు, మీ ఇంటి వంతు నేనే తెచ్చి గుమ్మంలో పెట్టా. నువ్వింత ఉన్నావు. ఎవరు నేర్పారో, చేతులు జోడించి దణ్ణం పెట్టావే. నాకు ఏడుపొచ్చింది. అన్నం మింగుడు పడలేదు ఆ పూట. తండ్రి పోయి ఏడాది కాలేదు, అప్పుడే పిల్లకు అడుక్కునేవాళ్ల వాలకం వచ్చేసిందే అని. మీ అమ్మతో చెప్పా, దానికి ముందు దణ్ణం మాన్పించమని. వంతుకు దణ్ణమేంటే? సముద్రం పెట్టింది, ఊరు పంచింది. నేను మోసుకొచ్చానంతే."

ఎన్నికల ముందు ఆదివారం జోరున వాన. మండపం రేకుల మీద వాన దరువు. అయినా మొదటిసారి కన్నా ఎక్కువమంది వచ్చారు. మళ్లీ అడగాల్సినవి గుర్తుచేసుకుని వచ్చినవాళ్లే చాలామంది. తఫోంగ్ కూడా వచ్చి, ఎవరికీ తగలకుండా వెనక స్తంభం పక్కన నిలబడ్డాడు. పోలీసు వానకు లోపలికొచ్చి, టోపీ తీసి నీళ్లు విదిలించుకున్నాడు.

లెకల్ మొదలుపెట్టబోతుంటే నకావ్ అతని చెయ్యి పట్టుకుంది. "బాబూ, ముందు ఆ చిన్న మాట చెప్పు. గొంతు తగ్గించి చెబుతావే, అది. మిగతావన్నీ దాని వెనకాల చెప్పు."

అతను ఒక్క క్షణం ఆమె కళ్లలోకి చూశాడు. తలూపి, ఆ మాటే చెప్పాడు.

నకావ్ గొంతు సవరించుకుంది.

"పోయినసారి మీకు తప్పు చెప్పాను. ఈ అబ్బాయి అడగమని రాలేదు. ఇతను అంటున్నదేంటంటే, మనిషై పుట్టినవాడికి ఒక వంతుంది. ఒడ్డున పట్ట మీద పెట్టే వంతు లాంటిది. దాన్ని ఎవరూ దయతలిచి ఇవ్వరు. మంచివాడివని ఇవ్వరు, చెడ్డవాడివని ఆపరు. మన పేరు ఆ వంతులోది. కొండ ఆ వంతులోది. సముద్రంలో చచ్చిపోతే లెక్కలోకి రావడం ఆ వంతులోది. ఎవరో మోసుకొస్తారు, మోసుకొచ్చినవాడు ఇచ్చినవాడు కాదు. అదీ ఇతని మాట."

ముసలివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకోలేదు. అందరూ నేలకేసి చూస్తున్నారు. అక్కడేదో పెట్టి ఉన్నట్టు.

ఆఫో ముసలమ్మ లేచింది. మోకాళ్ల నొప్పితో లేవడానికి కాస్త సేపు పట్టింది. "అయితే ఈ అబ్బాయి ఏదీ తేవట్లేదా?"

"లేదు పెద్దమ్మా."

"అది ఇదివరకే మన గుమ్మంలో పెట్టి ఉందంటున్నాడా?"

"అవును."

"మరి ఇన్నాళ్లూ దాని మీద కూర్చున్నదెవరే?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అది నవ్వే మాట కాదు. ముసలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, నిటారుగా నిలబడి, కార్డు మీద పేరు కాదు, తల్లి పెట్టిన పేరు చెప్పింది. తల్లి పేరు చెప్పింది. ఆ తల్లి తల్లి పేరు, తమ ఇంటిని ఊరు పూర్వం నుంచీ పిలిచే పేరు చెప్పింది. చెప్పి కూర్చుంది. ఆమె పక్కాయన లేచాడు. పేరు, తల్లి పేరు, ఇల్లు, తన వయసు దళం పేరు. ఆ తర్వాత ఇంకొకరు. ఎవరూ చెప్పమనలేదు. పాత దళాలు ముందు, కొత్తవి తరవాత, పండగలో నిలబడే వరసే వచ్చేసింది. దశాబ్దాలుగా చర్చి పుస్తకంలో ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు, జపానువాళ్ల కాలంలో మరో పేరు మోసినవాళ్లు, అసలు పేర్లు పైకి అంటున్నారు. కొందరి పేర్లు నకావ్ ఎప్పుడూ విననే లేదు. పక్కింటి మనిషి పేరు ఇంత అందంగా ఉందా అని విస్తుపోయింది.

స్తంభం పక్కనుంచి తఫోంగ్ తన పేరు చెప్పాడు. "విన్నాం," అన్నాడు ఓఫద్, ఇన్ని నెలల తర్వాత అతనితో ఆడిన మొదటి మాట.

"ఏమంటున్నారక్కా?" అని లెకల్ గుసగుసగా అడిగాడు.

"చీనాలో చెప్పక్కర్లేని మాటలు" అన్నట్టు నకావ్ తల అడ్డంగా ఊపింది. "దీనికి నేనెందుకు బాబూ. పేర్లు. ఊరికే విను."

అతను విన్నాడు. చేతిలోని మైకు ఎప్పుడో కిందకు దిగిపోయింది. చివరికి ఓఫద్ కర్ర అతని వైపు తిప్పాడు. లెకల్ తన పేరు చెప్పి, తల్లి పేరు చెప్పి, అక్కడ ఆగిపోయాడు. ఆపైన తెలియదు. అప్పుడు ముందు వరసల్లోంచి ముసలివాళ్లు ఒక్కొక్కరే అందించారు. అమ్మమ్మ పేరొకరు. ఆమె తల్లి పేరొకరు. వాగు పక్కనుండే వాళ్ల ఇంటి పేరు ఇంకొకరు. అతను ఒక్కొక్కటీ తిరిగి పలికాడు, తప్పు పలికితే సరిదిద్దారు. ఉపన్యాసం మిగతా భాగం ఆ రోజు ఎవరూ వినలేదు. చెప్పవలసినవాడు చెప్పే స్థితిలో లేడు.

లెకల్ ఎన్నికల్లో ఓడిపోయాడు. చిఫులాయ్‌లో గెలిచాడు గాని, చిఫులాయ్ ఎంత ఊరు! నీళ్ల గొట్టం కోసం ఆఫో ముసలమ్మ టౌను ఆఫీసుకు తానే వెళ్లింది. ఏం అడిగావే అంటే, "అడగలేదు, మాది ఎక్కడ పెట్టారని వెతకడానికెళ్లా," అంది. ముందు ఆమెను వెళ్లగొట్టారు. మళ్లీ వెళ్లింది. సొంత పేర్లు రాయించుకునేలా పేర్ల చట్టం మారడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. మారిన నెలలోనే నకావ్ తల్లి తిపుస్‌ను తీసుకుని ఆఫీసుకెళితే, బల్ల వెనకాలమ్మాయి మర్యాదగానే అడిగింది, "పేరు మార్చుకుంటారా మామ్మా?" అని. "మార్చుకోనమ్మా. ఉన్నదే రాయి," అంది తిపుస్. ఆ మధ్య కాలంలో తీరం పొడుగునా ఎన్నో ఊళ్లకు నకావ్ లెకల్‌తో కలిసి వెళ్లింది. ఊరూరా ముందుగా ఒడ్డుకు పోయి, అక్కడివాళ్లు వంతును ఏ పేరుతో పిలుస్తారో కనుక్కుని గాని మైకు ముట్టుకునేది కాదు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఓడిపోయిన తర్వాతి వేసవిలో, పంట పండగకు లెకల్ ఒక సంచీతో బస్సు దిగాడు. ఓట్లు లేని రోజుల్లో వచ్చాడేంటని అందరూ చూశారు. ఓఫద్ ముందుకెళ్లి, లెకల్ తన తల్లి ఊరి దళంలో చేరతానంటున్నాడని చెప్పాడు. పెద్దలు కాసేపు మాట్లాడుకున్నారు. ఈడును బట్టి పై దళంలో వెయ్యాలి. కాని కింది మెట్లేవీ ఎక్కనివాడాయె. అందుకని అందరికన్నా చిన్న దళంలో, మీసాలు రాని పిల్లల పక్కన నిలబెట్టారు.

"ఒరే కొత్తోడా, నీళ్లు!" అని అరిచాడు అతనికి పై దళంవాడొకడు. వాడికి పద్దెనిమిదేళ్లుంటాయేమో.

"వస్తున్నా అన్నా!" అన్నాడు లాయరు, అమిస్‌లో. ఆ ఒక్క మాటా బాగానే వచ్చింది. చొక్కా లేకుండా, ఎండకు ఎర్రబడ్డ వీపుతో, రెండు చేతులా వెదురు గొట్టాలు మోసుకుంటూ పరిగెత్తాడు. కట్టెలు మోశాడు. పొయ్యి ఊదాడు. పెద్దలు తింటుంటే ఎండలో నిలబడ్డాడు. ఎవరో తిడితే తలొంచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఓడ దిగి ఇంటికొచ్చిన కచావ్, పెళ్లాం పక్కన నిలబడి చూస్తూ, "ఎవరే ఆ ముసలి కుర్రాడు?" అని అడిగాడు.

"మనవాడే," అంది నకావ్. మైదానంలో మగవాళ్లు చేతులు కలిపి వలయం కడుతున్నారు. ఒకరు గొంతెత్తారు, అందరూ అందుకున్నారు. దళం వెనక దళం వచ్చి కలుస్తున్నకొద్దీ వలయం పెద్దదవుతూ చర్చి గోడ దాకా, రోడ్డు దాకా పోయింది. నేల అదురుతోంది. ఆ అదురు ఆమె అరికాళ్లలోంచి పైకి పాకింది. అన్ని గొంతుల్లో ఏది ఎవరిదో విడదీయడానికి ఆమె ప్రయత్నించనైనా లేదు.